గా ఉప్పుల ఏం కలుపుతున్నరు?

థైరాయిడ్ గురించి మా ఇంట్లో రెండు సిద్ధాంతాలు నడుస్తున్నాయి. ఒకటి అమ్మది. "మా చిన్నప్పుడు దొడ్డుప్పు తిన్నం. మోత్కూర్ల ఎవ్వలకన్న థైరాయిడ్ అన్న మాట తెలుసా? గీ సన్నుప్పు ప్యాకెట్లు వచ్చినంకనే అందరికి పట్టింది. గా ఉప్పుల ఏదో కలుపుతున్నరు." రెండోది అక్కకు వాట్సాప్‌లో వచ్చింది. అయోడిన్ ఉప్పు అంటే కెమికల్, గులాబీ రంగు రాతి ఉప్పు అంటే ప్రకృతి, అందులో 84 ఖనిజాలు ఉంటాయి, అది తిన్నవాళ్లకు థైరాయిడ్ రానే రాదు.

మామూలుగా అయితే ఇలాంటివి వినేసి నవ్వి ఊరుకుంటాం. ఇక్కడ ఊరుకోలేకపోవడానికి కారణం ఉంది. అమ్మ నాలుగేళ్లుగా రోజూ పొద్దున్నే థైరాయిడ్ గోలీ వేసుకుంటోంది, ఈ మధ్య "ఉప్పు మారిస్తే గోలీ బంద్ చేయొచ్చట" అంటోంది. అక్కకు ఇప్పుడు మూడో నెల, వాళ్ల వంటింట్లోకి గులాబీ ఉప్పు వచ్చి మూడు వారాలైంది. అందుకే సెమిస్టర్ సెలవుల్లో కూర్చుని ఈ విషయం మొత్తం చదివాను. నేను సీఎస్ఈ సెకండ్ ఇయర్, డాక్టర్ని కాదు. గోలీల డోసుల జోలికి పోను. ఉప్పు లెక్క మాత్రం మన తరగతిలో ఎవరైనా చేయగలిగినంత సులువు.

మొదట నీళ్ల సంగతి, ఎందుకంటే మా వైపు మనుషులకు మూలకాలంటే ఏమిటో నీళ్లే నేర్పాయి. మోత్కూరు 2016 నుంచి యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. అంతకుముందు నల్లగొండ జిల్లా. నల్లగొండ అనగానే బయటివాళ్లకు గుర్తొచ్చేది ఫ్లోరైడ్. లీటరు నీళ్లలో ఒకటిన్నర మిల్లీగ్రాము దాటకూడదు. ఏళ్ల తరబడి దాటితే పళ్లు గారపడతాయి, ఎముకలు బిగుసుకుపోతాయి, వంకర పోతాయి. నల్లగొండ పల్లెల్లో పిల్లల మోకాళ్లు వంకరపోవడం గురించి హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లో లాన్సెట్ పత్రికలో రాశారు. పటిక, సున్నం వేసి నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ తయారు చేస్తే, దానికి ప్రపంచమంతటా ఉన్న పేరు 'నల్లగొండ టెక్నిక్'. జిల్లా పేరు ఇలా పుస్తకాలకెక్కడం సంతోషించాల్సిన సంగతేం కాదు.

ఆవర్తన పట్టికలో ఫ్లోరిన్ ఉన్న నిలువు వరుసలోనే ఇంకా కిందికి దిగితే అయోడిన్ ఉంటుంది. ఒకే కుటుంబం. ఫ్లోరైడ్ ఎక్కువైతే మనిషిని చూడగానే తెలుస్తుంది, అందుకే మా ఊళ్లో ముసలమ్మకు కూడా ఆ పేరు తెలుసు. అయోడిన్ కథ దీనికి తిరగేసి ఉంటుంది. అది నేలలో, నీళ్లలో తక్కువగా ఉండటం వల్ల వచ్చే కష్టం. చాలామందిలో ఆ కష్టం బయటికి కనపడదు కూడా.

అయోడిన్ అసలు ఇల్లు సముద్రం. అక్కడి నుంచి గాల్లోకి లేచి, వానతో నేల మీద పడి, మట్టిలోకి, మట్టిలోంచి పంటలోకి, పంటలోంచి మనలోకి రావాలి. హిమాలయాల్లాంటి కొండల్లో మంచు, వానలు వేల ఏళ్లుగా ఆ పైమట్టిని కడిగేశాయి. వరదలు వచ్చే మైదానాల్లోనూ ఇదే జరుగుతుంది. మోత్కూరు నుంచి సముద్రం గీత గీసినట్టు పోయినా రెండొందల కిలోమీటర్లకు పైనే. మేం తినేది చెరువు చేప. కొర్రమీను ఎంత రుచిగా ఉన్నా, సముద్రపు చేపలో ఉన్నంత అయోడిన్ అందులో ఉండదు. పాలు, గుడ్లలో కొంత ఉంటుంది, అది కూడా ఆ బర్రె, ఆ కోడి తిన్నదాన్ని బట్టి.

ఇంతకీ ఒంట్లో దానికేం పని? గొంతు ముందు భాగంలో, సీతాకోకచిలుక ఆకారంలో, ఇరవై గ్రాముల లోపు బరువుండే గ్రంథి థైరాయిడ్. నాది ఇంగ్లిష్ మీడియం కాబట్టి ఈ ఒక్క పేరే తెలుసు. మా బాబాయి కొడుకు తెలుగు మీడియం పుస్తకంలో 'అవటు గ్రంథి' అని ఉంది. బాగుందే అనిపించి నిఘంటువు తీస్తే, అవటువు అంటే మెడ వెనక భాగమట! గ్రంథేమో ముందు ఉంది. పేరు పెట్టినాయన ఎటు నిలబడి చూశాడో తెలియదు.

ఆ గ్రంథి తయారు చేసే ముఖ్యమైన హార్మోన్లు రెండు, టీ4, టీ3. ఆ అంకెలు ఊరికే పెట్టినవి కావు. టీ4లో నాలుగు అయోడిన్ పరమాణువులు, టీ3లో మూడు. టీ4 అణుభారం దాదాపు 777. అందులో నాలుగు అయోడిన్లవే 508. అంటే ఆ హార్మోన్ బరువులో మూడింట రెండొంతులు అయోడినే. ఇటుకలు లేకుండా గోడ కట్టలేం, అంతే. గుండె ఎంత వేగంగా కొట్టుకోవాలి, ఒంట్లో వేడి ఎంత ఉండాలి, తిన్నది ఎంత త్వరగా ఖర్చవ్వాలి, కడుపులో బిడ్డ మెదడు ఎలా అల్లుకోవాలి, అన్నింటిలో ఈ హార్మోన్ల చెయ్యి ఉంటుంది.

దీన్ని నడిపించే పద్ధతి మనకు బాగా అర్థమవుతుంది, అది అచ్చంగా ఫీడ్‌బ్యాక్ లూప్. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి రక్తంలో థైరాయిడ్ హార్మోన్ ఎంతుందో చూస్తూ ఉంటుంది. తగ్గితే టీఎస్‌హెచ్ అనే సంకేతం పంపుతుంది, పెరిగితే ఆపుతుంది. ల్యాబ్ రిపోర్టులో టీఎస్‌హెచ్ పెరిగిందంటే థైరాయిడ్ ఎక్కువ పనిచేస్తోందని మా ఇంట్లో అందరూ అనుకునేవాళ్లు. నిజానికి చాలాసార్లు దానికి వ్యతిరేకం. గ్రంథి పలకడం లేదు కాబట్టి పైనుంచి అరుపులు పెరిగాయని అర్థం.

ఇప్పుడు అయోడిన్ లేదనుకోండి. హార్మోన్ తయారు కాదు. టీఎస్‌హెచ్ పెరుగుతుంది. ఆ ఒత్తిడికి గ్రంథి తన కణాలను పెంచుకుంటుంది, దొరికిన కాస్త అయోడిన్‌నూ లాక్కోవడానికి. క్లౌడ్‌లో ఆటో స్కేలింగ్ పెట్టి, అసలు డేటాబేస్‌లో డేటానే లేకపోతే ఎలా ఉంటుంది? సర్వర్లు ఒకదాని మీద ఒకటి లేస్తూ ఉంటాయి, జవాబు మాత్రం రాదు. అలా పెరిగి పెరిగి గొంతు దగ్గర గడ్డలా కనపడేదే గాయిటర్. పాత తెలుగులో గళగండం అన్నారు. మాట ఉందంటే జబ్బు కూడా ఉన్నట్టే కదా, మన పూర్వీకులు దాన్ని చూసే పేరు పెట్టి ఉంటారు. విశాఖ మన్యం కొండల్లో అది మొన్నమొన్నటి దాకా మామూలు విషయం.

గాయిటర్ కంటికి కనపడే భాగం మాత్రమే. అసలు నష్టం కడుపులో బిడ్డకు. మొదటి మూడు నెలలూ బిడ్డకు సొంత థైరాయిడ్ హార్మోన్ ఉండదు, తల్లి ఇచ్చిందే. ఆ సమయంలో తల్లికి అయోడిన్ బాగా తక్కువైతే బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. మరీ తీవ్రమైన చోట్ల పుట్టుకతోనే చెవుడు, మూగతనం, ఎదగని ఒళ్లు, ఎదగని బుద్ధి. అంత తీవ్రం కానిచోట పిల్లలు మామూలుగానే కనిపిస్తారు, బడికి వెళ్తారు, కాస్త వెనకబడతారు. 1994లో ఇద్దరు పరిశోధకులు 18 అధ్యయనాలను కలిపి లెక్కేస్తే, అయోడిన్ కొరత ఉన్న చోట్ల సగటు ఐక్యూ 13.5 పాయింట్లు తక్కువగా తేలింది. ఒక పిల్లవాడిలో అయితే "వీడికి చదువు అబ్బలేదు" అనేస్తాం. ఊరంతా అలాగే ఉంటే అనడానికి కూడా ఎవరూ ఉండరు, పోల్చుకోవడానికి ఇంకో ఊరు కావాలి.

ఆ పోల్చి చూసే పని చేసిన వాళ్లలో ముఖ్యుడు మన తెలుగాయనే. నాకు ఈ వ్యాసం రాయాలనిపించింది కూడా ఆయన గురించి చదివాకే. పేరు వులిమిరి రామలింగస్వామి. 1921లో శ్రీకాకుళంలో పుట్టారు. ఆ జిల్లాలోనే నౌపడ దగ్గర ఉప్పు మళ్లు ఉన్నాయి, ఇది కాకతాళీయమే అనుకోండి. విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో వైద్యం చదివి, కూనూరులోని పోషకాహార పరిశోధనశాలలో పనిచేశారు. ఆ పరిశోధనశాలే తర్వాత హైదరాబాద్‌కు తరలి వచ్చి ఇందాక చెప్పిన తార్నాక సంస్థ అయింది. అటు తర్వాత ఢిల్లీ ఎయిమ్స్‌కు డైరెక్టర్ అయ్యారు, భారత వైద్య పరిశోధన మండలికి నాయకత్వం వహించారు. మన ఇంటర్ పుస్తకాల్లో నాకైతే ఆయన పేరు కనపడలేదు.

1956లో ఆయన బృందం హిమాచల్‌లోని కాంగ్రా లోయలో ఒక ప్రయోగం మొదలుపెట్టింది. లక్షకు పైగా జనం ఉన్న ప్రాంతం. లోయను ఏ, బీ, సీ అని మూడు జోన్లు చేశారు. మొదట్లో మూడింట్లోనూ గాయిటర్ వందలో ముప్పై అయిదు నుంచి నలభై మందికి. ఏ, సీ జోన్లకు అయోడిన్ కలిపిన ఉప్పు పంపారు. బీ జోన్‌కు మామూలు ఉప్పు. గోలీలు లేవు, ఇంజెక్షన్లు లేవు. రోజూ కొనుక్కునే ఉప్పే. మన భాషలో చెప్పాలంటే ఏ/బీ టెస్టింగ్, మనం పుట్టడానికి యాభై ఏళ్ల ముందు, కంప్యూటర్ లేకుండా, కొండల్లో.

1962లో మళ్లీ వెళ్లి చూశారు. ఏ, సీ జోన్లలో గాయిటర్ సుమారు సగానికి పడిపోయింది. బీ జోన్‌లో ఎక్కడిది అక్కడే. అప్పుడు బీకి కూడా అయోడిన్ ఉప్పు ఇచ్చారు. 1968 నాటికి ఏ, సీ జోన్లలో పది శాతం లోపుకు దిగింది, బీలో కూడా సగానికి పైగా తగ్గింది. అంతకంటే తేటగా ఉండే ఫలితం వైద్యంలో అరుదు.

ఇక్కడ నాకు ఒక దగ్గర ఆగాలనిపించింది. మనం ఏ/బీ టెస్ట్ చేస్తే బీ గ్రూపుకు బటన్ రంగు నచ్చదు, అంతకుమించి ఏం కాదు. కాంగ్రాలో బీ జోన్‌లో ఆ ఆరేళ్లలో పిల్లలు పుట్టారు. వాళ్ల తల్లులు తిన్న ఉప్పులో అయోడిన్ లేదు. పరిశోధకులు వాళ్ల నుంచి కొత్తగా ఏదీ లాక్కోలేదు, వాళ్లు అంతకుముందు తింటున్న ఉప్పే తిన్నారు. పైగా స్విట్జర్లాండ్‌లో 1922 నుంచి, అమెరికా మిషిగన్‌లో 1924 నుంచి అయోడిన్ ఉప్పు అమ్ముతూనే ఉన్నారు. ఇండియాలో, మన వంటలో, మన తేమలో అది పనిచేస్తుందని ప్రభుత్వానికి రుజువు కావాలి, ఆ రుజువు బీ జోన్ లేకుండా రాదు. ఇదంతా అర్థమవుతుంది. అయినా ఆ మధ్య జోన్ పిల్లలు గుర్తొస్తే నాకు పూర్తిగా సమాధానం దొరకలేదు. ఆ పట్టికలో బీ అనే నిలువు వరుస మీద కాసేపు కళ్లు ఆగాయి, అంతే.

ఆ ఫలితాలు వస్తుండగానే 1962లో జాతీయ గాయిటర్ నివారణ కార్యక్రమం మొదలైంది. తర్వాత 1992లో దాని పేరులోంచి గాయిటర్ తీసేసి 'అయోడిన్ లోప రుగ్మతలు' అని పెట్టారు. గొంతు గడ్డ ఒక్కటే కాదు, మెదడు కూడా అని ఒప్పుకున్నారన్నమాట. అయోడిన్ లేని ఉప్పును తినడానికి అమ్మకూడదని దేశమంతటా నిషేధం పెట్టారు, 2000లో ఎత్తేశారు, 2006 మేలో మళ్లీ పెట్టారు. ఎత్తేసినప్పుడు చెప్పిన మాట, ఏ ఉప్పు తినాలో జనం ఇష్టం అని. ఉప్పు సత్యాగ్రహం చేసిన దేశంలో ఆ మాటకు బలం ఉంది, చిన్న ఉప్పు రైతుల కష్టం కూడా నిజమే. కానీ ఇష్టం అన్నది తెలిసినవాళ్లకు ఉంటుంది. కడుపులో బిడ్డను ఎవరు అడిగారు?

మరి ఆ ప్యాకెట్‌లో కలిపేది ఎంత? తయారీ దగ్గర 30 పీపీఎం, మన చేతికి వచ్చేసరికి కనీసం 15 పీపీఎం ఉండాలని లెక్క. పీపీఎం అంటే కిలోకు మిల్లీగ్రాము. అంటే కిలో ఉప్పులో 15 నుంచి 30 మిల్లీగ్రాముల అయోడిన్. కలిపేది పొటాషియం అయొడేట్. అయొడైడ్ కలిపితే మన ఎండకు, తేమకు ఎగిరిపోతుంది, అయొడేట్ నిలబడుతుంది. "ఏదో కెమికల్" అని అక్కకు వచ్చిన మెసేజ్ అన్నది దీన్నే. ఉప్పు మాత్రం కెమికల్ కాదా అంటే సోడియం క్లోరైడ్ నవ్వుతుంది.

పెద్దవాళ్లకు రోజుకు కావాల్సింది 150 మైక్రోగ్రాములు. 150ని 365తో, మళ్లీ 70 ఏళ్లతో గుణించండి. నాలుగు గ్రాముల లోపు. ఒక మనిషికి పుట్టినప్పటి నుంచి పోయేదాకా కావాల్సిన అయోడిన్ మొత్తం ఒక చెంచాడు! అయితే ఒకేసారి తిని ఊరుకోలేం, ఒళ్లు అంత దాచుకోదు. థైరాయిడ్ తనలో కొన్ని వారాలకు, మహా అయితే రెండు మూడు నెలలకు సరిపడా హార్మోన్ దాచుకుంటుంది. అందుకే రోజూ తినే వస్తువులోనే కలపాలి. తొక్కు, పప్పు, పచ్చిపులుసు, అన్నింట్లోకి, ఉన్నవాళ్ల ఇంటికి లేనివాళ్ల ఇంటికి ఇంచుమించు ఒకే మోతాదులో పోయేది ఉప్పు ఒక్కటే.

ఇప్పుడు అక్క లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం గర్భిణికి రోజుకు 250 మైక్రోగ్రాములు కావాలి. రోజుకు పది గ్రాముల ఉప్పు తింటుంది అనుకుందాం, మన ఇళ్లల్లో దాదాపు అంతే తింటాం. 15 పీపీఎం ఉన్నా 150 మైక్రోగ్రాములు వస్తాయి, 30 ఉంటే 300. వంటలో కొంత పోతుంది. మిగిలింది పాలు, గుడ్లు పూరిస్తాయి. గులాబీ ఉప్పు ప్యాకెట్ తిప్పి చూశాను, అయోడిన్ అన్న మాటే లేదు. "ఆ రాయి కూడా ఒకప్పటి సముద్రమే కదరా, సముద్రంల అయోడిన్ ఉంటది అన్నవు కదా" అన్నది అక్క. మంచి ప్రశ్న. లీటరు సముద్రపు నీళ్లలో ఉప్పు దాదాపు 35 గ్రాములు, అయోడిన్ దాదాపు 60 మైక్రోగ్రాములు. ఒక్క చుక్క కూడా పోకుండా మొత్తం ఉప్పులోకే వచ్చిందని అనుకున్నా, పది గ్రాములకు 17 మైక్రోగ్రాములు. 250 కావాలి, 17 వస్తాయి. నిజంలో ఆ 17 కూడా రాదు, ఎండబెట్టేటప్పుడే చాలామటుకు పోతుంది. సముద్రపు ఉప్పు అయినా, రాతి ఉప్పు అయినా ఇదే కథ. ఆ 84 ఖనిజాలు కూడా పేరుకు ఉండొచ్చు, గులాబీ రంగు ఇచ్చేది ఇనుము, కానీ రక్తం పట్టేంత ఇనుము దొరకాలంటే ఎంత ఉప్పు తినాలో లెక్కేస్తే బీపీ ముందు వస్తుంది.

అక్క ఈ మూడు వారాలకు భయపడాల్సిన పని లేదు. మామూలుగా తినేవాళ్లకు గ్రంథిలో నిల్వ ఉంటుంది. నేను అడిగింది, పాత ఉప్పుకు మారమని, తర్వాతి చెకప్‌లో టీఎస్‌హెచ్ రాశారో లేదో డాక్టరమ్మను అడగమని. ఉప్పు ఎక్కువ తినమని మాత్రం కాదు. అయిదు గ్రాములకు తగ్గించమని ప్రపంచ ఆరోగ్య సంస్థే అంటుంది. అందరూ నిజంగా తగ్గిస్తే ఉప్పులో కలిపే అయోడిన్ పెంచాల్సి వస్తుంది, డెన్మార్క్‌లో అలాగే ఆ మోతాదు పెంచారు.

డెన్మార్క్ పేరు వచ్చింది కాబట్టి అమ్మ సిద్ధాంతానికి వస్తాను. ఇది అక్కకు వచ్చిన మెసేజ్ అంత తేలిగ్గా తీసేసేది కాదు. సగం తప్పు, కొంచెం నిజం.

తప్పు సగం ఏమిటంటే, "మా కాలంల లేదు" అన్నది. అమ్మ చిన్నప్పుడు ఊళ్లో టీఎస్‌హెచ్ పరీక్ష ఎవరికి చేశారు? అలసట, ఒళ్లు రావడం, జుట్టు ఊడటం, నెలసరి తప్పడం, చలికి తట్టుకోలేకపోవడం, వీటికి అప్పుడు "నీరసం" అనో "గాలి సోకింది" అనో పేరు. పరీక్ష చవకగా దొరికాక లెక్కకు వచ్చారు. 2013లో అచ్చయిన ఒక సర్వేలో హైదరాబాద్‌తో కలిపి ఎనిమిది నగరాల్లో అయిదు వేలకు పైగా పెద్దవాళ్లను పరీక్షిస్తే, సుమారు 11 శాతం మందికి హైపోథైరాయిడ్ తేలింది. వాళ్లలో కొంతమందికి తమకు ఉందని అప్పటిదాకా తెలియనే తెలియదు.

నిజం ఉన్న కొంచెం ఇది. డెన్మార్క్ 2000లో ఉప్పులో అయోడిన్ తప్పనిసరి చేసింది, ఆ తర్వాత అక్కడ హైపోథైరాయిడ్ కొత్త కేసులు కాస్త పెరిగాయి. చైనాలో మూడు ప్రాంతాలను పోల్చి 2006లో రాసిన అధ్యయనంలో, అవసరానికి మించి అయోడిన్ అందిన చోట ఆటోఇమ్యూన్ థైరాయిడ్ జబ్బు ఎక్కువ కనపడింది. అంటే ఒంటి సైన్యం పొరపాటున సొంత గ్రంథి మీదే దాడి చేసే జబ్బు. 1912లో దాన్ని వర్ణించిన జపాన్ డాక్టర్ పేరు మీద హషిమోటో అంటారు. దానికి అసలు కారణం ఎక్కువగా వంశంలో, జన్యువుల్లో ఉంటుంది. ఆడవాళ్లలో చాలా ఎక్కువ. అలా రాసిపెట్టి ఉన్నవాళ్లకు అయోడిన్ మరీ ఎక్కువైతే కాస్త ముందుకు తోసినట్టు అవుతుంది. ఒక్కసారిగా మరీ ఎక్కువ అయోడిన్ అందితే గ్రంథి కొన్నాళ్లు హార్మోన్ తయారీ ఆపేస్తుందని 1948లోనే ఉల్ఫ్, చైకాఫ్ అనే ఇద్దరు చూపించారు. ఏళ్లుగా కొరతలో ఉన్న ముసలివాళ్లకు హఠాత్తుగా అయోడిన్ ఇస్తే కొందరిలో హార్మోన్ అతిగా తయారై గుండె దడ రావచ్చు కూడా. తక్కువైనా నష్టమే, ఎక్కువైనా నష్టమే. ఫ్లోరైడ్ జిల్లా వాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

అయితే ఆ "మరీ ఎక్కువ" మామూలు ఉప్పుతో రాదు. సముద్రపు నాచు రోజూ తినేవాళ్లకు, అయోడిన్ ఉన్న కొన్ని మందులు వాడేవాళ్లకు, స్కానింగ్‌లో వేసే కాంట్రాస్ట్ మందుతో వస్తుంది. అయోడిన్ కలపడం మొదలుపెట్టిన దేశాలు ఆ చిన్న పెరుగుదల చూసి ఉప్పును పారేయలేదు, మోతాదును జాగ్రత్తగా చూసుకుంటున్నాయి. ఒకవైపు గోలీతో సరిపోయే జబ్బు కొంచెం పెరగడం, ఇంకోవైపు పుట్టే పిల్లల మెదడు. తక్కెడ ఎటు మొగ్గుతుందో చూడటానికి పెద్దగా ఆలోచించక్కర్లేదనే నా అభిప్రాయం.

అమ్మ రిపోర్టుల కవరు బీరువాలోంచి తీసి చూశాను. యాంటీ టీపీఓ అనే పరీక్ష ఒకటి ఉంది, దానికి ఎదురుగా అంకె హద్దు దాటి ఉంది. అంటే అమ్మది అయోడిన్ కొరత వల్ల వచ్చింది కాదు, హషిమోటో వైపుది. ఆ ఎనిమిది నగరాల సర్వేలో కూడా అయిదుగురిలో ఒకరికి ఈ యాంటీబాడీలు ఉన్నాయి. ఇప్పుడు దేశంలో పదింట తొమ్మిది ఇళ్లకు పైగా అయోడిన్ ఉప్పు వాడుతున్నాయి, కాబట్టి కొరత వల్ల వచ్చే గొంతు గడ్డలు చాలావరకు కనపడకుండా పోయి, మిగిలిన జబ్బు ముందుకు వచ్చి నిలబడింది. అమ్మకు కనిపించేది ఆ మిగిలింది. పోయింది కనపడదు కదా. గ్రంథి దెబ్బతిన్నాక ఉప్పు మార్చినా అది తిరిగి రాదు, అయోడిన్ ఎక్కువ తిన్నా రాదు. తక్కువైన హార్మోన్‌ను గోలీ రూపంలో బయటినుంచి ఇవ్వడమే. ఆ గోలీలో ఉండేది అదే టీ4.

"మరి బంద్ చేస్తే ఏమైతది?" అంది అమ్మ. మొదటి వారం ఏం కాదు, అదే దాని మాయ. ఒంట్లో టీ4 సగం కావడానికే వారం పడుతుంది. "సూసినవా, బంద్ చేసినా మంచిగనే ఉన్న" అనిపించి, రెండు మూడు నెలల్లో మళ్లీ కాళ్లు వాచి, మొహం ఉబ్బి, మెట్లెక్కితే ఆయాసం. ఈ మాట చెప్పినప్పుడు అమ్మ ఏమనలేదు కానీ, గోలీ పొద్దున చాయ్‌తో వేసుకోవడం మాత్రం మానేసింది. పరగడుపున నీళ్లతో వేసుకుని అరగంటో గంటో ఆగి చాయ్ తాగాలి. క్యాల్షియం, ఐరన్ గోలీలుంటే నాలుగు గంటల తేడా ఉండాలి. లేకపోతే గోలీ సగం ఒంటికి పట్టదు, టీఎస్‌హెచ్ దిగదు, డోసు పెరుగుతుంది, తప్పు ఉప్పు మీద పడుతుంది.

సజ్జల గురించి కూడా ఒక మాట, ఎందుకంటే మిల్లెట్లు ఇప్పుడు ఫ్యాషన్. సజ్జల్లో ఉండే కొన్ని పదార్థాలు థైరాయిడ్ పనికి అడ్డం పడతాయని సూడాన్‌లోని డార్ఫర్‌లో చేసిన పరిశోధనలు చెప్పాయి. అక్కడ మూడు పూటలా అదే తిండి, అయోడిన్ కూడా తక్కువ. క్యాబేజీ, కర్రపెండలం సంగతీ ఇంతే. అయోడిన్ సరిపడా ఉన్నవాళ్లు వారానికి రెండుసార్లు సజ్జరొట్టె తింటే ఏం కాదు. నెట్‌లో "థైరాయిడ్ ఉంటే ఇవి తినకూడదు" అని వచ్చే లిస్టులు ఈ షరతు రాయడం మర్చిపోతాయి.

ఇంట్లో చేయాల్సింది చాలా తక్కువ. ప్యాకెట్ మీద అయోడైజ్డ్ అని, నవ్వే సూర్యుడి బొమ్మ ఉందో లేదో చూడటం. ఉప్పును పొయ్యి పక్కన మూత లేని గిన్నెలో కాకుండా మూత ఉన్న డబ్బాలో, తడి చెంచా పెట్టకుండా దాచుకోవడం. అయోడైజ్డ్ దొడ్డుప్పు కూడా దొరుకుతుంది, అమ్మకు ఆ సంగతి తెలిసి కొంచెం మెత్తబడింది. దాన్ని కడగొద్దు, వేయించొద్దు, ఎందుకంటే అయోడిన్ గల్లు పైపైన పూతలా ఉంటుంది, కడిగితే నీళ్లతో పోతుంది. మా అమ్మమ్మ మాత్రం మామిడికాయ తొక్కులోకి ఆ ఉప్పు రానివ్వదు, తొక్కు నల్లబడుతుందని ఆమె నమ్మకం. నల్లబడదని చెప్పి చూశాను. తొక్కులో పడేది ఏడాదికి రెండు మూడు కిలోలు, మిగతా కూరలన్నీ అయోడిన్ ఉప్పుతోనే, కాబట్టి లెక్కకు పెద్ద నష్టం లేదు. ఆ కొట్లాట నేను పెట్టుకోలేదు.